తగిలింది

ఆఫీసరమ్మ రిజిస్టరు అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "సిస్టర్, మీ పేటలో ఎవరికీ సరిగ్గా నడవడం రాదా?" అని అడిగింది.

కట్లక్కకి ముందు అర్థం కాలేదు. కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఆమెకీ ఉంది గానీ, పేట మొత్తానికీ గాయాలకి కట్లు కట్టే నర్సు ఆమె ఒక్కతే. అందుకని పిల్లాజెల్లా, ముసలీముతకా అందరికీ ఆమె కట్లక్కే.

"మీరే చూడండి," అని ఆఫీసరమ్మ వేలు పెట్టి చదివింది. "మెట్ల మీంచి పడ్డాడు. పంపు దగ్గర జారింది. సీసా తగిలింది. తలుపు తగిలింది. మళ్ళీ తలుపే తగిలింది. చెయ్యి తెగింది. పళ్ళు ఊడాయి. రెండేళ్ళలో రెండు వందల పైచిలుకు గాయాలు. ఒక్కటంటే ఒక్కటి ఎవరూ చేసింది కాదు! అన్నీ వాటంతటవే అయిపోయాయి."

గోడ పక్కన మందుల అలమర సర్దుతున్న కాంపౌండరు కిసుక్కున నవ్వాడు. నవ్వి, నవ్వినందుకు సిగ్గేసి దగ్గాడు.

నవ్వొచ్చే సంగతే, కాదనను. కానీ ఆసుపత్రి ఉంటుందా ఊడుతుందా అన్నది ఆ రిజిస్టరు మీదే తేలాలి. ఆసుపత్రి అనగానే మరీ ఊహించుకోకండి. మూతపడ్డ ప్రింటింగ్ ప్రెస్సు మీద రెండు గదులు. ఒక దాంట్లో రేకు బల్ల, గాజుగుడ్డ ముక్కల డబ్బా, వంకర కత్తెర, స్పిరిటు వాసన. రెండో దాంట్లో బెంచీలు, బెంచీల నిండా జనం. డాక్టరు వారానికి రెండుసార్లు వస్తాడు. మిగతా రోజులు కట్లక్కే డాక్టరు. ఇన్నాళ్ళూ ఏదో దాతల సంఘం నడిపింది. ఆ సంఘం కాస్తా ఇక మావల్ల కాదని చేతులెత్తేసింది. నెలాఖరుకి తాళం పడుతుంది. ఆ తరవాత ఎవరి తల పగిలినా రెండు బస్సులు మారి పెద్దాసుపత్రికి పోవాలి. రెండు బస్సులు మారేసరికి కారాల్సిన నెత్తురంతా దారిలోనే కారిపోతుంది.

మిగిలిన ఆశల్లా ప్రభుత్వం కొత్తగా పెట్టిన నిధి, ఈ ఆఫీసరమ్మ వచ్చింది దాని తరఫునే. బీదరికం, నేరాలు రెండూ ఎక్కువున్న పేటలకి ఇస్తారు. ఆసుపత్రి నడుస్తుంది, వీధి దీపాలు వెలుగుతాయి, పని నేర్పే బడి కూడా పెడతారట. రెంటికీ మార్కులున్నాయి. బీదరికంలో పేటకి నూటికి తొంభై ఆరు వచ్చాయి. ఈ పేటలో ఏ పరీక్షలోనూ ఎవడికీ అన్ని మార్కులు రాలేదని కాంపౌండరు మురిసిపోయాడు. నేరాల్లో మాత్రం పన్నెండే వచ్చాయి. పేటవాళ్ళు పోలీస్ స్టేషన్ గడప తొక్కరు. పొరపాటున తొక్కినా "సైకిలు పోయిందండీ" అంటారు. అక్కడివాడు దాన్ని పోగొట్టుకున్న వస్తువుల పుస్తకంలో రాసుకుంటాడు. ఆ లెక్కన వీళ్ళంత మతిమరుపు మనుషులు ఎక్కడా ఉండరు!

"నాకు తెలీదనుకోకండి సిస్టర్," అంది ఆఫీసరమ్మ. "ఆ తలుపులు ఎలా తగులుతాయో నాకూ తెలుసు. నేను నమ్మితే చాలదుగా, కాగితం మీద ఉండాలి. పది రోజులు టైమిస్తాను. దెబ్బ తిన్నవాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళండి. ఏం జరిగిందో వాళ్ళ నోటితో చెప్పించి, రాసి, సంతకం పెట్టించండి. కొట్టినవాడి పేరు అక్కర్లేదు. పరాయివాడా, పొరుగువాడా, ఇంట్లోవాడా, అంతవరకే. స్టేషన్‌కి పోదు. సగం మంది చెప్పినా మార్కులు వచ్చేస్తాయి."

కట్లక్క తల ఊపింది. ఆఫీసరమ్మ ఫారాల కట్ట ఇచ్చి, అన్నిటి కిందా ఉన్న కాగితం బయటికి లాగి చూపించింది. "ఇది మాత్రం మీరు సంతకం పెట్టాలి. రిజిస్టరు రాసింది మీరే కాబట్టి."

అందులో ఒక్కటే వాక్యం. 'గాయపడిన ఏ ఒక్కరినీ వదలకుండా అడిగాను.'

కట్లక్క ఆ కాగితాన్ని మళ్ళీ కట్ట అడుక్కి తోసేసింది. ఎందుకంటే ఆ రిజిస్టర్లో తలుపు తగిలిన మనిషి ఒకావిడ నాలుగుసార్లుంది. ఆవిడ ఎవరో కాదు, కట్లక్క వదిన. ఆ నాలుగుసార్లూ కుట్లు వేసిందీ, తలుపు తగిలిందని రాసిందీ ఆడబిడ్డే. ముగ్గురూ ఉండేది ఒకే ఇంట్లో. ఆ ఇంట్లో తలుపులు మహా మెత్తగా వేసుకుంటాయి, ఎవరికీ తగలవు. అన్నయ్య తగులుతాడు.

సరే, మొదటి రెండు రోజులూ ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. మధ్యాహ్నం ఓపీ అయ్యాక ఫారాలు చంకన పెట్టుకుని బయల్దేరేది. సైకిలు షాపాయన దగ్గరికెళ్ళింది.

"నిరుడు మీ నుదుటికి నాలుగు కుట్లేశాను. ఏమైంది చెప్పండి."

"తగిలింది."

"ఏం తగిలింది?"

"సీసా."

"సీసా దానంతటదే లేచొచ్చి తగిలిందా?"

"విసిరితే తగిలిందమ్మా."

"ఎవరు విసిరితే?"

సైకిలు షాపాయన ట్యూబులో గాలి కొట్టి, నీళ్ళలో ముంచి, బుడగల కోసం అదే పనిగా చూశాడు. "ఎవరో విసిరితే," అన్నాడు చివరికి. సంతకం పెట్టమంటే చెయ్యి ఖాళీ లేదన్నాడు.

పక్క వీధిలో తాపీమేస్త్రీని అడిగితే "పళ్ళు రాలాయి" అన్నాడు. "రాలడానికి అవేం ఆకులా పెద్దయ్యా?" అని ఆమె, "వయసొచ్చింది కదమ్మా" అని ఆయన. ఆయనకి నలభై రెండేళ్ళు. ఇంకో ఇంట్లో పిల్ల చెయ్యి విరిగింది. విరిగిందంతే, విరిచినవాడు లేడు. అదేం విడ్డూరమో గానీ ఆ పేట మాటల్లో పనులన్నీ జరుగుతాయి, చేసేవాడు ఒక్కడూ కనపడడు. భయం ఉందనుకోండి, లేదనను. కానీ భయమొక్కటే కాదు. సైకిలు షాపాయన మూడోసారి అడిగినప్పుడు విసుక్కుని అసలు సంగతి కక్కేశాడు. "తగిలిందంటే దెబ్బతో పోయింది. కొట్టారంటే నేను తన్నులు తిన్నవాణ్ణవుతాను. రేపట్నుంచి ఈ బజార్లో ఎలా కూర్చోను?"

మూడో రోజు బడ్డీకొట్టు పిన్ని దగ్గరికి వెళ్ళింది. పిన్ని అంటే చుట్టం కాదు, పేటకంతా పిన్నే. చాక్లెట్లు, బ్లేళ్ళు, కొవ్వొత్తులు అమ్ముతుంది. నోరు పెట్టిందంటే వీధి చివరికి వినపడుతుంది. పోయినేడు ఆవిడ పక్కటెముక విరిగితే రిజిస్టర్లో 'పక్క పట్టేసింది' అని ఉంది.

"ఏమైంది పిన్నీ ఆ రోజు?"

"నువ్వే రాశావుగా, పట్టేసిందని."

"నువ్వు చెప్పిందే రాశాను."

"నేను చెప్పింది నువ్వు నమ్మావా?"

"లేదు."

"మరెందుకు రాశావే?"

కట్లక్క ఫారాలు బల్ల చెక్క మీద పెట్టేసి, "తప్పే పిన్నీ. తెలిసే అబద్ధం రాశాను. రాసేస్తే నాకు పని తేలిక," అంది.

పిన్ని ఆమె మొహంలోకి తేరిపార చూసింది. తరవాత గల్లాపెట్టె మూసి, కొంగు బిగించి, "అయితే రాయి," అంది. "నన్ను కొట్టారు. ముగ్గురు. పట్టపగలు, ఇదిగో ఈ కొట్టు మీద పడి కొట్టారు. ఒకడు చేతులు పట్టుకుంటే ఇంకొకడు తన్నాడు. మూడోవాడు చాక్లెట్ల సీసా తీసుకుని తింటూ చూశాడు, దిక్కుమాలినవాడు!" మాట మాటకీ గొంతు పెరిగింది. నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి ఆవిడకి. ఇన్నాళ్ళూ అంత మాట కడుపులో పెట్టుకుని ఎలా బతికిందో! పక్క కొట్టువాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. చూసేవాళ్ళుంటే పిన్నికి మరీ హుషారు. రెండోసారి మొదట్నుంచీ చెప్పింది, ఈసారి తన్నిన తన్ను నిలబడి చూపించింది కూడా.

పిన్ని సంతకం పెట్టాక సైకిలు షాపాయన తనంతట తనే వచ్చాడు. "నాదీ రాసుకో. మా తోడల్లుడు విసిరాడు. పేరు వద్దన్నావు కాబట్టి తోడల్లుడనే రాయి," అన్నాడు. ఆయనకి తోడల్లుడు ఒక్కడే. తాపీమేస్త్రీ పళ్ళు రాలలేదు, కాంట్రాక్టరు మనిషి రాలగొట్టాడు.

ఆ రోజు నుంచి కట్లక్క ప్రతి గుమ్మంలోనూ ముందు తన తప్పు చెప్పుకుంది. "తెలిసే అబద్ధం రాశాను, ఇప్పుడు నిజం చెప్పండి," అనేది. కొందరు తిట్టారు. ఒకావిడ మొహం మీదే తలుపేసింది. చాలామంది మాత్రం చెప్పారు. ఒక్కొక్కరూ చెప్పిన తరవాత కాస్త నిటారుగా కూర్చునేవాళ్ళు. తొమ్మిదో రోజుకి సగం దాటి ఇంకా పది ఎక్కువే అయ్యాయి. కాంపౌండరు ఫారాలన్నీ దొంతి పెట్టి మురిపెంగా తట్టాడు.

"ఇక ఆ సంతకం కాగితం ఒక్కటే. అందరూ అయ్యారా?"

"అయ్యారు బాబాయ్."

"అందరూనా?"

కట్లక్క దొంతికి దారం చుట్టడం మొదలుపెట్టింది. కాంపౌండరు మంచివాడే గానీ అమాయకుడు కాదు. ఐదేళ్ళుగా ఆ గదిలోనే ఉన్నాడు. ఆమె వదినకి కుట్లు వేస్తుంటే స్పిరిటు అందించింది ఆయనే.

"చూడమ్మా, నేను నీకు చెప్పేటంతటివాణ్ణి కాదు. ఆఫీసరమ్మ రిజిస్టరు పక్కన పెట్టుకుని ఒక్కో పేరూ సరిచూస్తుంది. నాలుగుసార్లున్న మనిషిని అడక్కుండా అడిగానని సంతకం పెడితే, రేపది బయటపడితే, మిగతావన్నీ కూడా నువ్వు కూర్చుని అల్లినవే అంటారు. పిన్నిదీ పోతుంది, అందరివీ పోతాయి."

ఆమెకి తెలియక కాదు. అన్నయ్య అంటే ఆమెకి ప్రాణం. తండ్రి పోయిననాడు బడి మానేసి పంపుల మెకానిక్కు దగ్గర పనికి కుదిరి, ఆమెని నర్సింగ్ చదివించినవాడు. పేటలో ఎవరి మోటారు ఆగిపోయినా అర్ధాకలితో లేచెళ్ళి బాగుచేసొస్తాడు. అందరూ బంగారంలాంటి మనిషంటారు. ఆ బంగారం ఇంటికొచ్చి ఏం చేస్తుందో చూసింది ఇద్దరే. ఒకావిడ పడింది, ఇంకొకావిడ కుట్టింది.

ఆ సాయంత్రం అడుగుదామనే ఇంటికి వెళ్ళింది. అన్నయ్య గుమ్మంలో కూర్చుని బోల్టులు కిరసనాయిల్లో కడుగుతున్నాడు. ఫ్యాక్టరీ పని నుంచి వచ్చిన వదిన కూరగాయలు తరుగుతోంది. కట్లక్క చేతిలో ఫారం ఉంది. "ఏంటే ఆ కాగితాలు?" అన్నాడు అన్నయ్య నవ్వుతూ. "పేటంతా దెబ్బల లెక్కలు తీస్తున్నావట. మాక్కూడా ఏమైనా ఇస్తారా?" ఆమె "ఏం లేదన్నయ్యా" అనేసి ఫారం మడిచి సంచిలో కుక్కేసింది. వదిన తరగడం ఆపలేదు. తల కూడా ఎత్తలేదు.

పదో రోజు పొద్దున్న కట్లక్క పెందలాడే ఆసుపత్రికి వెళ్ళి, తలుపు దగ్గరికేసి, వదిన పేరు మీద ఫారం తీసి రాసింది: 'అడిగాను. చెప్పడానికి ఇష్టపడలేదు.' అంత చిన్న అబద్ధానికి అరగంట పట్టింది. ఈ ఒక్కటీ రాసేస్తే ఆసుపత్రి నిలబడుతుంది, ఇల్లూ నిలబడుతుంది అనుకుంది. దాదాపు సగం మంది నిజంగానే చెప్పలేదుగా, వదిన కూడా వాళ్ళలో ఒకతె అనుకుంటే సరి.

ఓపీ మొదలైంది. ఏడో టోకెను పిలిస్తే వదిన లోపలికొచ్చింది.

ఫ్యాక్టరీకి వెళ్ళే చీరే కట్టుకుంది గానీ చేతిలో టిఫిన్ డబ్బా లేదు, బట్టల సంచి ఉంది. కట్లక్క ఒక్క ఉదుటున లేచింది. "వదినా! ఏమైంది? దెబ్బ ఎక్కడ?"

"ఇవాళ కొత్తదేం లేదు." వదిన రోగులు కూర్చునే స్టూలు మీద కూర్చుంది. "పేటంతా తిరిగావట అమ్మాయీ. పిన్నినడిగావు, తాపీమేస్త్రీనడిగావు. నిన్న కాగితం ఇంటిదాకా తెచ్చి సంచిలో పెట్టేశావు. నన్నెందుకు అడగవు? నేను పేటదాన్ని కాదా?"

కట్లక్క పొద్దున్న రాసిన ఫారాన్ని రిజిస్టరు కిందికి జరిపింది.

"మొదటిసారి నువ్వు కుట్టేటప్పుడు, ఇదిగో అడుగుతుంది, ఇప్పుడడుగుతుంది అని నీ మొహమే చూస్తూ కూర్చున్నాను. నువ్వు అడగలేదు. తలుపేనా వదినా, అన్నావు. నేనేమంటాను? ఆఁ అన్నాను. తలుపు అన్న మాట నాది కాదే, నీది."

ఇది మాత్రం కట్లక్క మర్చిపోయింది. రెండేళ్ళుగా వదినే తలుపు అని చెప్పిందని, తను విన్నది రాసిందని అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు గుర్తొచ్చింది. కళ్ళనీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామంటే చేతులకి గ్లౌజులున్నాయి.

రాసిన ఫారం తీసి నిలువునా చింపేసింది. కొత్తది తీసుకుంది. గ్లౌజులు విప్పి పెన్ను పట్టుకుని, పిన్నిని అడిగినట్టే, అందరినీ అడిగినట్టే అడిగింది. "తెలిసే అబద్ధం రాశాను వదినా. ఇప్పుడు చెప్పు. ఎవరు కొట్టారు?"

"నా మొగుడు కొట్టాడు. నీ అన్నయ్య," అంది వదిన. తేదీలతో సహా చెప్పింది. ఎప్పుడు చేత్తో, ఎప్పుడు రెంచీతో, ఎందుకని. ఎందుకనే దానికి పెద్ద కారణాలేం లేవు. ఒకసారి చారులో ఉప్పు, ఒకసారి ఫ్యాక్టరీ నుంచి ఆలస్యం. ఆవిడ గొంతు పిన్నిలా పెరగలేదు, సరుకుల చీటీ చెప్పినంత నెమ్మదిగా చెప్పింది. కట్లక్క ఒక్క ముక్క వదలకుండా రాసింది.

"ఇంకొకటి రాయి. రిజిస్టరు రాసినావిడకి మొదట్నుంచీ తెలుసని రాయి."

అలమర దగ్గర్నుంచి కాంపౌండరు ఒక్క అంగలో వచ్చాడు. "అమ్మా, ఆ ముక్క వద్దు తల్లీ. ఉద్యోగం పోతుంది. మీ ఇంటి సంగతి ఇంట్లో చూసుకోండి."

"ఇంట్లోనేగా చూసుకుంది బాబాయ్ ఇన్నాళ్ళూ," అని కట్లక్క ఆ ముక్క కూడా రాసింది. చదివి వినిపించింది. వదిన సంతకం పెట్టి లేచింది.

"నేను మా అక్క దగ్గరికి పోతున్నాను. మళ్ళీ రాను. మీ అన్నయ్య అడిగితే చెప్పు, దాచకు. దాచడం నీకు బాగా అలవాటు."

"వదినా, నన్ను..."

"నీ మీద కోపం లేదని చెప్పను," అంది వదిన. "ఉంది. బోలెడు ఉంది." సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఎనిమిదో టోకెనాయన అప్పటికే తలుపులోంచి తొంగి చూస్తున్నాడు. కాలి పుండుకి కట్టు మార్చాలి. మార్చింది.

మధ్యాహ్నం ఆఫీసరమ్మ వచ్చి ఫారాలన్నీ చదివింది. చివరి దాని దగ్గర చాలాసేపు ఆగి, ఫారం వంక, కట్లక్క వంక చూసింది. "మార్కులు సరిపోతాయి సిస్టర్. ఆసుపత్రికి ఢోకా లేదు. మీ విషయం మాత్రం నా చేతిలో లేదు. ఇది చూశాక పైవాళ్ళు ఏమంటారో చెప్పలేను."

"మీరు పంపండి మేడమ్," అంది కట్లక్క. అడిగానన్న కాగితం మీద సంతకం పెట్టింది.

కింద బజార్లో అప్పటికే గుప్పుమంది. పిన్ని చాక్లెట్లు పంచింది, సైకిలు షాపాయన మొదటి దీపం తన షాపు ముందే పెట్టాలని తగువేసుకున్నాడు. అందరూ కట్లక్కని పొగిడారు. ఆమె ఒక్కొక్కరికీ తల ఊపుతూ ఇంటికి నడిచింది.

అన్నయ్య పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. "ఆసుపత్రి నిలబడిందటగా! బజారంతా అదే మాట. నా చెల్లెలంటే ఏమనుకున్నారు!" అని సంబరంగా నవ్వాడు. ఆ నవ్వు నిజమైంది. "మీ వదినేది? పొయ్యి వెలిగించలేదు."

"వెళ్ళిపోయింది" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. కట్లక్క దాన్ని మింగేసింది.

"నువ్వు కొట్టావు, నేను దాచాను. అందుకని వదిలేసి పోయింది అన్నయ్యా. ఇక రాదు. ఇవాళ అంతా కాగితం మీద చెప్పింది, నేనే రాశాను."

అన్నయ్య మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. తువ్వాలు చేతిలోనే ఉంది. గుమ్మం బయటికి ఒకసారి చూసి, లోపలికి వచ్చి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"ఎవరెవరికి తెలుసు?"

తప్పయిపోయిందంటాడని, కనీసం ఎక్కడికెళ్ళిందని అడుగుతాడని ఆమె ఎదురు చూసింది. చదివించిన అన్నయ్య, బంగారంలాంటి అన్నయ్య. ఆయన కూడా ఆమె మొహంలోకే చూస్తున్నాడు, ఎప్పటిలా ఎవరికీ తెలీదులే అంటుందని.

"నాకు తెలుసు," అంది కట్లక్క. "మొదటి రోజు నుంచీ నాకు తెలుసు."